పెద్దవాళ్లకు మతి తప్పిందా, ఒంట్లో నీళ్లు తగ్గాయా?

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు అంచున, సముద్రానికి దగ్గరగా ఉన్న పేట ఉప్పళం. ఇందిరా గాంధీ స్టేడియం ఉన్నది ఇక్కడే. తమిళంలో ఉప్పళం అంటే ఉప్పు పండించే మడి. చినగంజాం, నౌపడా ఉప్పు మడులను చూసిన తెలుగువాళ్లకు ఈ పేరు విప్పి చెప్పక్కర్లేదు. ఉప్పు మడిలో జరిగే పని చాలా సులువైనది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు చిక్కబడుతుంది. ఎండాకాలంలో చాలినన్ని నీళ్లు తాగని మనిషి రక్తంలో జరిగేదీ దాదాపు ఇదే. అలా ఉప్పు చిక్కబడిన రక్తం మెదడును ఏం చేస్తుంది, దానికీ డిమెన్షియాకూ సంబంధం ఎంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు వాట్సాప్‌లో సిద్ధంగా ఒక జవాబు తిరుగుతూ ఉంటుంది. రోజూ పొద్దున్నే లీటరు నీళ్లు తాగితే అల్జీమర్స్ దగ్గరికి రాదట. దానికి రుజువు లేదు. అలాగని నీళ్లకూ మతికీ సంబంధం లేదని కొట్టిపారేస్తే, అది ఇంకా పెద్ద పొరపాటు అవుతుంది. అసలు సంబంధం ఉన్న చోటు వేరు. దాన్ని గుర్తు పట్టకపోవడం వల్ల, నయమయ్యే స్థితిలో ఉన్న పెద్దవాళ్లను నయం కాని జబ్బు ఖాతాలో వేసి మంచానికి వదిలేస్తున్నాం.

మూడు రోజుల్లో వచ్చిన ముసలితనం

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, చాలా ఇళ్లలో జరిగేదే. మే నెలాఖరు. మనం రోహిణి కార్తె అంటాం, తమిళులు కత్తిరి అంటారు. డెబ్బై ఆరేళ్ల పెద్దావిడ. బీపీకి మాత్రలు వాడుతోంది, వాటిలో మూత్రం ఎక్కువ పోయేలా చేసేది ఒకటి. రెండు రోజులు కాస్త జ్వరం, విరేచనాలు. అన్నం సయించలేదు. మూడో రోజు సాయంత్రం కోడల్ని చూసి, ఎప్పుడో చనిపోయిన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. రాత్రి లేచి, లేని దొడ్డి తలుపు కోసం వెతికింది. పొద్దున్నకి మాట లేదు, మగతగా పడుకుని ఉంది. చూడవచ్చిన వాళ్లు వయసు మీద పడింది కదా అన్నారు. ఒకరు అల్జీమర్స్ మొదలైందన్నారు.

అల్జీమర్స్ మూడు రోజుల్లో మొదలు కాదు. అది నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా వచ్చేది. గంటల్లో, రోజుల్లో మనిషి మారిపోతే దాన్ని వైద్యులు డెలీరియం అంటారు. మన భాషలో దీనికి పాత పేరే ఉంది. సంధి పుట్టింది, సంధి ప్రేలాపన అంటూ పూర్వం పెద్దలు చెప్పుకున్నది దీన్నే. ఆ మాట ఇప్పుడు తిట్టుగా మిగిలిపోయింది కానీ, దాని వెనకున్న పరిశీలన గట్టిది: జ్వరంలోనో మరో జబ్బులోనో ఉన్నట్టుండి మతి చెదురుతుంది, జబ్బు తగ్గితే మతి తిరిగి వస్తుంది.

డెలీరియానికి నీటి కొరత ఒక్కటే కారణం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, మలబద్ధకం, ఆపరేషన్, రక్తంలో చక్కెర బాగా పెరగడం, బాగా పడిపోవడం, ఏదైనా కావచ్చు. చాలాసార్లు రెండు మూడు కలిసి వస్తాయి. ఆ కలయికలో నీటి కొరత తరచుగా కనిపిస్తుంది. ఆసుపత్రుల మెడికల్ వార్డుల్లో చేరేవారిలో 20 నుంచి 30 శాతం మందిలో డెలీరియం ఉంటుందని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ అంచనా. వీటిలో చాలా కేసులు ఎవరి కంటా పడవు. ఎందుకంటే సంధి అనగానే మనకు అరుపులు, పెనుగులాట గుర్తొస్తాయి. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చేది నిశ్శబ్దంగా ఉండే రకం. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటారు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తారు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి, నీరసంగా ఉంది, పడుకోనివ్వండి అంటాం.

దాహం ఎందుకు వేయదు

దాహం వేస్తే వాళ్లే అడుగుతారు కదా అనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. వయసు పైబడిన వారి విషయంలో ఇది నిలవదు.

మెదడు అడుగు భాగంలో, హైపోథాలమస్ దగ్గర, రక్తం చిక్కదనాన్ని కొలిచే కణాలు ఉంటాయి. రక్తంలో సోడియం గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా అవి పసిగట్టి రెండు పనులు చేస్తాయి. ఒకటి, దాహం పుట్టించడం. రెండు, వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి, మూత్రంలో నీరు పోకుండా కట్టడి చేయమని కిడ్నీలకు చెప్పడం. వయసుతో దాహమూ, ఆ హార్మోన్ మాటకు కిడ్నీల స్పందనా మొద్దుబారుతాయి. 1984లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకోదగ్గది. 67 నుంచి 75 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులైన ఏడుగురు మగవారికి, ఇరవైల్లో ఉన్న మరో ఏడుగురికి 24 గంటల పాటు నీళ్లు ఇవ్వలేదు. పెద్దవారి రక్తమే ఎక్కువ చిక్కబడింది. అయినా దాహంగా ఉందని చెప్పింది కుర్రవాళ్లు. తర్వాత నీళ్లు ముందు పెట్టినా పెద్దవాళ్లు తక్కువే తాగారు, లోటు తీరేంతగా తాగలేదు.

దీనికి మరో రెండు విషయాలు కలుస్తాయి. ఒంట్లో నీటికి నిల్వ చోటు కండరం. వయసుతో కండ కరిగిపోతుంది కాబట్టి నిల్వే తగ్గుతుంది. ఇక రెండోది వైద్య పుస్తకాల్లో అంతగా కనిపించదు, ఇళ్లలో మాత్రం అందరికీ తెలుసు. మోకాళ్ల నొప్పితో రాత్రి నాలుగుసార్లు లేవలేక, మరుగుదొడ్డి దూరంగా ఉండి, ప్రయాణంలో ఎక్కడా సౌకర్యం లేక, దగ్గితే తుమ్మితే బట్టలు తడుస్తాయన్న సిగ్గుతో, ఆడవాళ్లు కావాలనే నీళ్లు మానేస్తారు. సాయంత్రం ఆరు తర్వాత గొంతు తడుపుకోని పెద్దావిడలు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లకు నీళ్లు తాగమ్మా అని చెప్పడం కన్నా, మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్ దాకా ఒక లైటు, గోడకు ఒక పట్టుకునే కడ్డీ పెట్టించడం ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. మూత్రం ఆపుకోలేకపోవడానికి చికిత్స ఉంటుందన్న సంగతి కూడా చాలామందికి ఎవరూ చెప్పలేదు.

మెదడులో జరిగేది

మెదడు బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. రక్తం చిక్కబడితే కణాల్లోని నీరు బయటికి లాగబడుతుంది. లండన్ కింగ్స్ కాలేజ్ పరిశోధకులు 2011లో పది మంది టీనేజర్లతో, చెమట పట్టించే దుస్తులు వేసి గంటన్నర వ్యాయామం చేయించి, ఆ తర్వాత ఎమ్మారై తీశారు. మెదడు మధ్యలో ద్రవం ఉండే గదులు పెద్దవయ్యాయి. అంటే మెదడు కణజాలం కాస్త కుంచించుకుపోయింది. ఆలోచన అవసరమైన ఒక పరీక్ష పెడితే మార్కులు తగ్గలేదు. కానీ అదే పని చేయడానికి మెదడు ఎక్కువ శ్రమ పడింది.

ఆ పిల్లలకు శ్రమ పడే ఓపిక ఉంది. నీళ్లు తాగగానే సర్దుకుపోతారు. ఎనభై ఏళ్ల మెదడుకు ఆ అదనపు ఓపిక అంతగా ఉండదు. అప్పటికే డిమెన్షియా ఉంటే అసలే ఉండదు. కుర్రవాడికి తలనొప్పితో పోయేది, ముసలాయనకు రోజూ చూసే ఇల్లు కొత్తగా కనిపించే దాకా వెళ్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రక్తంలో సోడియం సాధారణంగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. అది బాగా పెరిగినా మతి చెదురుతుంది, బాగా తగ్గినా మతి చెదురుతుంది. పెద్దవాళ్లలో సోడియం పడిపోవడం చాలా మామూలు. బీపీకి వాడే థయజైడ్ రకం మాత్రలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ఇందుకు పేరు పొందాయి. అలా పడిపోయిన మనిషికి నీరసంగా ఉందని చెంబులకొద్దీ నీళ్లు పట్టిస్తే సోడియం ఇంకా పడిపోయి మూర్ఛలు రావచ్చు. బయటికి రెండు స్థితులూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం ఒక్కటి కాదు. అందుకే ఉన్నట్టుండి తికమకపడుతున్న పెద్దవారికి ఇంట్లో ఊహతో వైద్యం చేయకూడదు. ముందు రక్త పరీక్ష కావాలి. ఆసుపత్రిలో కూడా సోడియంను గబగబా సరిచేయరు. గంటల మీద, కొన్నిసార్లు రోజుల మీద మెల్లగా సరిచేస్తారు. తొందరపడితే మెదడుకే దెబ్బ.

మరి డిమెన్షియా మాటేమిటి

నీళ్లు తక్కువ తాగడం వల్ల డిమెన్షియా వస్తుందా? ఇప్పటివరకు ఉన్న రుజువులు అవునని చెప్పడం లేదు. డిమెన్షియాపై లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం మార్చుకోగలిగిన 14 ముప్పుల జాబితా చెప్పింది. చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు తగ్గడం, అధిక రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్, మధుమేహం, ఊబకాయం, పొగ, మద్యం, తలకు దెబ్బలు, డిప్రెషన్, ఒంటరితనం, కదలిక లేకపోవడం, గాలి కాలుష్యం. వీటన్నిటినీ అరికట్టగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమన్నది ఆ నివేదిక లెక్క. నీటి కొరత ఆ జాబితాలో లేదు.

అయితే సూచనలు లేకపోలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2023 జనవరిలో ఒక విశ్లేషణ ప్రచురించారు. నడివయసులో ఉన్న 11,255 మందిని పాతికేళ్లకు పైగా గమనించిన సమాచారం అది. మామూలు పరిధిలోనే అయినా సోడియం 142 కన్నా ఎక్కువ ఉన్నవారికి దీర్ఘకాలిక జబ్బుల ముప్పు 39 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ జబ్బుల లెక్కలో డిమెన్షియా కూడా ఉంది. పత్రికలు వెంటనే నీళ్లు తాగితే వయసు ఆగుతుందని రాశాయి. పరిశోధకులు మాత్రం ఇది సంబంధమే తప్ప కారణమని తేలలేదని స్పష్టంగా చెప్పారు. పాతికేళ్ల కింద సోడియం ఎక్కువ ఉండటానికి నీళ్లు తక్కువ తాగడం ఒక కారణం కావచ్చు, కిడ్నీలూ హార్మోన్లూ మరో కారణం కావచ్చు.

అదే ఏడాది మార్చిలో స్పెయిన్ నుంచి ఇంకా ఆసక్తికరమైన అధ్యయనం వచ్చింది. 55 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,957 మందిని, అందరూ బరువు, బీపీ, చక్కెర వంటి సమస్యలున్నవారే, రెండేళ్లు గమనించారు. రక్తం చిక్కగా ఉన్నవారిలో ఆలోచనా శక్తి తగ్గుదల ఎక్కువగా ఉంది. కానీ మేము రోజూ ఇన్ని నీళ్లు తాగుతాం అని వాళ్లు చెప్పిన లెక్కకూ, ఆ తగ్గుదలకూ సంబంధం కనిపించలేదు. అంటే గ్లాసులు లెక్కపెట్టుకోవడం ఒకటి, ఒంట్లో నీటి సమతూకం నిజంగా ఎలా ఉందన్నది మరొకటి.

ఈ రెండు అధ్యయనాల కన్నా నాకు ముఖ్యంగా తోచేది డెలీరియం మీదుగా వెళ్లే దారి. ఫిన్లాండ్‌లోని వాంటా నగరంలో 85 ఏళ్లు దాటిన వారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2012లో బ్రెయిన్ పత్రికలో వచ్చింది. ఒకసారి డెలీరియం వచ్చినవారికి ఆ తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. అప్పటికే డిమెన్షియా ఉన్నవారిలో డెలీరియం వస్తే జబ్బు మరింత ముదిరింది. చనిపోయిన తర్వాత మెదళ్లను పరిశీలిస్తే, డెలీరియం వచ్చినవారి డిమెన్షియాను అల్జీమర్స్ మచ్చలతో పూర్తిగా వివరించడం కుదరలేదు. సంధి అనేది వచ్చి పోయే మబ్బు కాదు, కొందరిలో అది ఒక గీత గీసి పోతుంది. ఆ గీతను గీయించే కారణాల్లో ముందుగా ఆపగలిగినది నీటి కొరత. నీళ్లకూ డిమెన్షియాకూ మధ్య గట్టిగా చెప్పగలిగిన లంకె ఇది.

లంకెకు రెండో కొస కూడా ఉంది. డిమెన్షియా ఉన్న మనిషి నీళ్లు తాగడం మర్చిపోతారు. తాగానని అనుకుంటారు. ఎదురుగా ఉన్న గ్లాసు గ్లాసని తెలియకపోవచ్చు. జబ్బు ముదిరాక మింగడమే కష్టమవుతుంది. ఇంగ్లండ్ వృద్ధాశ్రమాల్లో 188 మందికి రక్త పరీక్షలు చేస్తే ఐదుగురిలో ఒకరికి నీటి కొరత ఉంది, మరో 28 శాతం ఆ అంచున ఉన్నారు. అక్కడ చూసుకునే సిబ్బంది ఉండి కూడా పరిస్థితి అది. మన దేశంలో అరవై దాటిన వారిలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లాసీ-డాడ్ అంచనా. ఇక్కడ చూసుకునేది కోడళ్లు, కూతుళ్లు, ఎనభై ఏళ్ల భర్తలు.

ఉప్పు నీటి ఊళ్లో

మళ్లీ ఉప్పళానికి వద్దాం. పుదుచ్చేరి తాగునీటికి ప్రధానంగా భూగర్భ జలాల మీదే బతుకుతుంది. తీరం వెంట బోర్లు తోడే కొద్దీ సముద్రపు నీరు నేల లోపలికి చొచ్చుకొస్తుంది, కుళాయి నీటికి ఉప్పదనం వస్తుంది. దీన్ని తట్టుకోవడానికే ప్రభుత్వం ఆర్‌ఓ నీటి కేంద్రాలు పెట్టింది. బందరు, నరసాపురం, చినగంజాం వైపు తీర గ్రామాల్లో క్యాన్ల నీళ్లు కొనుక్కునేవారికి ఈ బాధ తెలుసు. పుదుచ్చేరి పరిపాలనలోనే ఉన్న మన యానాం కూడా సముద్రానికి దూరమేమీ కాదు.

ఉప్పు నీటి వల్ల డిమెన్షియా వస్తుందా అని అడిగేవారు ఉన్నారు. నేరుగా వస్తుందనడానికి ఆధారం లేదు. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పు నీరు తాగే గర్భిణుల్లో రక్తపోటు సమస్యలు ఎక్కువని అధ్యయనాలు చూపాయి. అదే తీరంలో మరో అధ్యయనం, కొద్దిపాటి ఉప్పదనం ఉన్న నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల రక్తపోటు తగ్గిందని కూడా చెప్పింది. కాబట్టి ఆ గొలుసును లాగి డిమెన్షియా దాకా తీసుకెళ్లడం తొందరపాటు. నీటి రుచి చేసే హాని ఇంతకన్నా మామూలుది: చప్పగానో ఉప్పగానో ఉన్న నీటిని ఎవరూ ఇష్టంగా తాగరు, క్యాను అయిపోతే కొత్తది వచ్చేదాకా పొదుపు చేస్తారు. ఆ పొదుపు ఇంట్లో ముందుగా మొదలయ్యేది పెద్దవాళ్ల గ్లాసు దగ్గరే. పైగా తీరంలో గాలి తేమగా ఉంటుంది. చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. కర్నూలు ఎండ కన్నా పుదుచ్చేరి ఎండ అంకెల్లో తక్కువే, చెమట లెక్కలో కాదు.

తీపి నీటి కోసం ఈ ఊరు పడిన తాపత్రయానికి పట్టణం నడుమ భారతి పార్కులో ఒక తెల్లటి గుర్తు ఉంది, ఆయి మండపం. మూడో నెపోలియన్ కాలంలో ముత్తిరపాళయం నుంచి పట్టణానికి నీళ్లు తెచ్చిన సందర్భంలో కట్టింది. దాని వెనక చెప్పుకునే కథలో మన కృష్ణదేవరాయలు ఉన్నాడు. రాయలు ఇటుగా వెళ్తూ దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని గుడి అనుకుని మొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చేయమన్నాడట. తన ఇంటిని తానే కూల్చుకుంటానని ఆమె వేడుకుని, ఆ చోట జనం కోసం చెరువు తవ్వించిందట. కథలో నిజం ఎంతో గానీ, ఫ్రెంచివాళ్లు కూడా నీటి గుర్తుకు ఆమె పేరునే ఉంచారు. పార్కుకు వచ్చే తెలుగు యాత్రికులు మండపం ముందు ఫోటో దిగి వెళ్తారు, రాయల సంగతి చాలామందికి తెలియదు.

ఎంత తాగాలి, ఏం తాగాలి

రోజుకు ఎనిమిది గ్లాసులు అన్న సూత్రం మూలాన్ని వెతికినవారు 1945 నాటి అమెరికా పోషకాహార మండలి సలహా దాకా వెళ్లారు. రోజుకు రెండున్నర లీటర్లు చాలునని అందులో ఉంది. అందులో ఎక్కువ భాగం తినే ఆహారం నుంచే వస్తుందన్న తర్వాతి వాక్యాన్ని లోకం మర్చిపోయింది.

పెద్దవాళ్ల విషయంలో యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ చెప్పే లెక్క వాడుకోదగ్గది: ఆడవాళ్లకు రోజుకు కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లకు 2 లీటర్ల పానీయాలు. ఎండలో, జ్వరంలో, విరేచనాల్లో ఇంకాస్త. అదంతా మంచినీళ్లే కానక్కర్లేదు. మజ్జిగ, చారు, గంజి, రాగి జావ, పాలు, టీ, కాఫీ అన్నీ లెక్కలోకి వస్తాయి. టీ తాగితే ఒంట్లో నీరు పోతుందన్న మాటలో, రోజూ తాగే అలవాటున్నవారి విషయంలో, పస లేదు. మధ్యాహ్నం పెరుగన్నం తినలేని పెద్దాయన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు తాగుతాడు. తాటి ముంజెలు, పుచ్చకాయ కూడా సాయమే.

ఈ అంకెలు అందరికీ కావు. గుండె బలహీనపడినవారికి, కిడ్నీలు దెబ్బతిన్నవారికి వైద్యులే నీటికి హద్దు పెడతారు. ఆ హద్దే వాళ్ల లెక్క. ఉద్దానం ఇళ్లలో ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉంటే కొబ్బరి నీళ్లలోని పొటాషియం కూడా ప్రమాదమే. విరేచనాలు, వాంతులు మొదలైన రోజున నీటి మాత్రలు, కొన్ని బీపీ, చక్కెర మాత్రలు ఆపాలా అన్నది ముందే డాక్టరును అడిగి రాసి పెట్టుకోవాలి. సొంతంగా ఆపకూడదు, అడగకుండా కొనసాగించడమూ సరికాదు.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొడి. ఇందులో సోడియం, గ్లూకోజు కొలత ప్రకారం కలిసి ఉంటాయి. పేగులో ఒకదాని చెయ్యి పట్టుకుని మరొకటి లోపలికి వెళ్తుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో కలరా మరణాలను డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆపింది దీనితోనే. అదే పేరు తగిలించుకుని అట్టపెట్టెల్లో అమ్మిన చక్కెర పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, డబ్ల్యూహెచ్‌ఓ కొలతలు పాటించని పానీయాలు ఓఆర్ఎస్ పేరు వాడకూడదని ఆదేశించింది. మధుమేహం ఉన్న పెద్దవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఇక ఇంట్లో గుర్తు పట్టడం ఎలా? చేతి మీద చర్మం లాగి చూడటం, నోరు ఎండిందా చూడటం, మూత్రం రంగు చూడటం పెద్దవాళ్లలో నమ్మదగినవి కావని 2015లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. వయసుతో చర్మం ఎలాగూ వదులవుతుంది. గట్టి ఆధారం రక్త పరీక్షే: సోడియం, పొటాషియం, యూరియా, గ్లూకోజు. ఏ చిన్న పట్టణంలోనైనా చేసే పరీక్షలే. ఈ నాలుగు అంకెలతో రక్తం ఎంత చిక్కగా ఉందో వైద్యులు లెక్క కట్టగలరు.

మతి సంగతి మాత్రం ఇంటివాళ్లకే బాగా తెలుస్తుంది. ఇవాళ ఏ వారం అమ్మా అని అడగండి. ఆదివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి. నిన్నటి దాకా చెప్పగలిగిన మనిషి ఇవాళ మధ్యలో దారి తప్పితే, పొద్దున బాగుండి సాయంత్రం చెదిరితే, అది డాక్టరుకు చెప్పాల్సిన మాట. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే నీళ్ల గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మగతలో ఉన్నవారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న, ఎప్పటి నుంచి ఇలా ఉన్నారు అని. చాలా కుటుంబాలు, ఈ మధ్య మతిమరుపుగానే ఉంటోందండీ అని జవాబిస్తాయి. అది విన్న డ్యూటీ డాక్టరు డిమెన్షియా అని రాసుకుని ముందుకు పోయే అవకాశం ఉంది. మతిమరుపు ఏడాది నుంచి ఉంది, ఈ తికమక మాత్రం మంగళవారం సాయంత్రం మొదలైంది, రెండు రోజుల నుంచి విరేచనాలు, వాడే మందులు ఇవీ అని విడదీసి చెబితే దారి మారిపోతుంది. మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి. కళ్లజోడు, వినికిడి యంత్రం కూడా, ఎందుకంటే అవి లేకపోతే తికమక ఇంకా పెరుగుతుంది. తెలుగు తప్ప మరో భాష రాని పెద్దావిడను పుదుచ్చేరి జిప్‌మర్‌కు తీసుకెళ్తే, పక్కన తెలుగు మాట్లాడే మనిషి ఉండాలి. భాష అర్థం కాక జవాబు చెప్పకపోవడాన్ని మతి తప్పడంగా లెక్కేసే ప్రమాదం ఉంది.

కోలుకుని ఇంటికి వచ్చాక తేటపడటానికి రోజులు పట్టవచ్చు, కొందరికి వారాలు, నెలలు. ఆ మధ్యలో జ్ఞాపకశక్తి పరీక్ష చేయిస్తే తప్పుడు మార్కులే వస్తాయి. పూర్తిగా కుదురుకున్నాక, రెండు మూడు నెలల తర్వాత, ఒకసారి చేయించాలి. ఏ నెలలో డెలీరియం వచ్చిందో పాత కాగితాల మీద రాసి ఉంచండి. తర్వాత చూసే డాక్టరు ముందుగా వెతికేది ఆ తేదీనే.